‘రాక్‌స్టార్’ బిరుదు, గోదావరి దరువు: దేవిశ్రీప్రసాద్ సంగీతంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు చలనచిత్ర సంగీత దర్శకుడు దేవిశ్రీప్రసాద్ పేరుకు ముందు ‘రాక్‌స్టార్’ అనే బిరుదు స్థిరపడింది. ఆ బిరుదు ఆయన సంగీత స్వభావాన్ని ఎంతవరకు సూచిస్తుంది, ఎంతవరకు మరుగుపరుస్తుంది అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆయన గురువు మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ తంత్రీవాద్యంతో చేసిన కృషిని, యక్షగాన సంప్రదాయంలోని దరువును, ఉప్పాడ నేపథ్యంగా వచ్చిన ‘ఉప్పెన’ చిత్రంలోని పాటలను ఇందుకు ఆధారాలుగా తీసుకున్నాను.

కీలక పదాలు: దేవిశ్రీప్రసాద్, మాండలిన్ శ్రీనివాస్, రాక్ సంగీతం, దరువు, ఉప్పెన, ఉప్పాడ, పిఠాపురం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి బిరుదులంటే మక్కువ. ఆస్థాన కవులకు, అవధానులకు, రంగస్థల నటులకు ఇచ్చిన బిరుదులలో చాలావాటికి ఒక నిర్వచనం ఉండేది. ఈలపాట రఘురామయ్య పేరు వినగానే ఆయన ఏం చేసేవారో తెలిసిపోతుంది. సినిమా బిరుదుల దారి వేరు. అవి కళ లక్షణాన్ని చెప్పవు, కళాకారుని స్థాయిని చాటుతాయి. ‘రాక్‌స్టార్ దేవిశ్రీప్రసాద్’ అని తెర మీద కనిపించినప్పుడు ప్రేక్షకుడు ఈలవేస్తాడు తప్ప రాక్ అంటే ఏమిటని అడగడు. అడగవలసిన పని విమర్శకునిది.

దేవిశ్రీప్రసాద్ 1979 ఆగస్టు 2న అప్పటి తూర్పుగోదావరి జిల్లా వెదురుపాకలో జన్మించారు. తండ్రి జి. సత్యమూర్తి ‘పెదరాయుడు’ (1995) వంటి చిత్రాలకు సంభాషణలు కూర్చిన రచయిత. పెరిగింది మద్రాసులో. మాండలిన్ నేర్చుకున్నది పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ వద్ద. కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘దేవి’ (1999) చిత్రంతో సంగీత దర్శకుడయ్యేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. 2004లో ‘వర్షం’, ‘ఆర్య’ రావడంతో తెలుగు సినిమా పాటలో ఆయన స్థానం స్థిరపడింది. ‘పుష్ప’ (2021) పాటలకు 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ సంగీత దర్శకునిగా ఎంపికయ్యారు. అదే పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచిన ‘ఉప్పెన’కు కూడా సంగీతం ఆయనదే. ఆ చిత్ర కథాస్థలం ఉప్పాడ. కాబట్టి గోదావరి సీమకు చెందిన ఒక సంగీతకారుడు అదే సీమలోని ఒక తీరగ్రామానికి ఏ ధ్వనిని ఇచ్చాడన్నది ఊహతో పని లేకుండా పాటలు విని తేల్చదగిన ప్రశ్న.

2. రాక్ అంటే ఏమిటి, ఏది కాదు:

పాశ్చాత్య దేశాలలో రాక్ సంగీతానికి మూడు లక్షణాలు ప్రధానంగా కనిపిస్తాయి. ఒకటి, విద్యుత్ గిటారు. రెండు, నలుగురైదుగురు కలిసి ఒకే గొంతుగా నిలిచే బృందం. మూడు, పాడేవాడే తన పాటకు కర్త కావడం. మూడోది అన్నిటికంటె ముఖ్యమైనది. రాక్ గాయకుడు తన కోపాన్ని, తన ఒంటరితనాన్ని, తన తరం అసహనాన్ని తన పేరు మీద పాడతాడు. శ్రోత నమ్మేది ఆ పూచీని.

మన సినిమా పాటలో ఈ పూచీకి చోటు లేదు. దర్శకుడు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు వరుస కడతాడు, కవి మాటలు పొదుగుతాడు, గాయకుడు పాడతాడు, నటుడు పెదవులు కదుపుతాడు. పాటలోని ‘నేను’ వీరిలో ఎవరిదీ కాదు, పాత్రది. ఇది లోపం కాదు. నాటకం నుంచి సినిమాకు వచ్చిన ధర్మం. అయితే ఈ ధర్మంలో పనిచేసే వ్యక్తిని రాక్‌స్టార్ అనడంలో ఒక పొసగనితనం ఉంది.

దేవిశ్రీప్రసాద్ విషయంలో ఆ మాట వేదిక వల్ల వచ్చింది. పాతతరం సంగీత దర్శకులు రికార్డింగు థియేటరులో హార్మోనియం ముందు కూర్చుని కనిపించేవారు. ఈయన వేదిక ఎక్కి పాడతారు, ఆడతారు, జనంలోకి దిగుతారు, వారిచేత పల్లవి అనిపిస్తారు. దీనిని పాశ్చాత్య అనుకరణగా కొట్టిపారేసేవారు ఒకటి మరచిపోతున్నారు. పద్యనాటకాలలో నటుడు రాగం తీస్తుంటే ‘వన్స్‌మోర్’ కేకలతో కథను ఆపి, అదే పద్యాన్ని మళ్లీ పాడించుకున్న ప్రేక్షకులు మనవారే. పాత్రను పక్కన పెట్టి పాడేవాని కోసం ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకొని వెళ్లిన చరిత్ర గోదావరి జిల్లాలకు ఉంది. దేవిశ్రీప్రసాద్ వేదిక మీద తిరిగి తెచ్చినది ఆ సంబంధాన్ని. పేరు మాత్రం కొత్తది.

3. గురువు చేతిలోని విద్యుత్తు:

రాక్ అనే మాటలో విద్యుత్ తంత్రీవాద్యానికి ఉన్న స్థానాన్ని తీసుకుంటే, గోదావరి సీమలో ఆ మాటకు దగ్గరగా నిలిచే వ్యక్తి శిష్యుడు కాడు, గురువు. ఈ విషయం కొంత వివరంగా చెప్పుకోవాలి.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించారు. ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ మాండలిన్‌ను చేతబట్టారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు ఆయనకు గురువు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాడినదాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. వాద్యం తెలియని గురువు వద్ద వాద్యం నేర్వడం మొదట వింతగా తోస్తుంది. మేలు జరిగింది కూడా అందువల్లనే. మాండలిన్‌కు సులువైనదేదో చెప్పేవారు లేకపోవడంతో గొంతుకు సహజమైనది మాత్రమే ప్రమాణంగా నిలిచింది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరి, 1981లో మద్రాసు డిసెంబరు ఉత్సవాలలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద కచేరి జరిగాయి.

గొంతును ప్రమాణంగా పెట్టుకుంటే మాండలిన్‌తో ఒక చిక్కు ఉంది. ఇటలీ నుంచి వచ్చిన ఈ వాద్యానికి నాలుగు జతల తీగలు, దగ్గరదగ్గరగా మెట్లు. మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటి నాదం నిలిచినట్లు భ్రమ కలిగిస్తారు. కర్ణాటక సంగీతానికి ఆ ఉపాయం పనికిరాదు. తోడి గాంధారం గాని, శంకరాభరణంలో జారు గాని స్వరం నిలిచి ఉండగా కదలాలి, ఆరిపోయిన నాదాన్ని కదిలించలేం. శ్రీనివాస్ జంట తీగలను తీసివేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, వాటి సంఖ్యను ఐదు చేసుకున్నారు, వాద్యాన్ని విద్యుత్తుకు కలిపారు. అప్పుడు ఒక్క మీటుతో పుట్టిన నాదం మెట్ల మీద వేలు జారుతున్నంతసేపు వినపడింది. గమకం సాధ్యమైంది.

సరిగ్గా ఈ గుణమే, అంటే నాదం ఆరకుండా నిలవడమే, జిమి హెండ్రిక్స్ తరం విద్యుత్ గిటారులో కనుగొన్న సంపద. వారు ఆ నిలిచిన నాదాన్ని చీల్చి, గరుకు చేసి, అరుపుగా మార్చారు. శ్రీనివాస్ అదే నాదాన్ని గమకానికి వినియోగించారు. 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టుకున్నందుకు శ్రోతలలో కొందరు కేకలు వేసి నిరసించారు. మాండలిన్‌ను కచేరి వాద్యంగా ఒప్పుకోవడానికి మద్రాసు రసికులలో కొందరు తొలుత వెనకాడారు. అక్కడ అభ్యంతరం సంప్రదాయాన్ని విడిచినందుకు, ఇక్కడ పరాయి వాద్యంతో సంప్రదాయంలోకి వచ్చినందుకు.

జాన్ మెక్‌లాఫ్లిన్ ప్రయాణం దీనికి ఎదురుదిశలో సాగింది. మహావిష్ణు ఆర్కెస్ట్రాతో విద్యుత్ గిటారును పరాకాష్ఠకు తీసుకువెళ్లిన ఆయన, అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకున్నారు. ‘శక్తి’ బృందం కోసం మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించిన గిటారు చేయించుకున్నారు. తీగను పక్కకు లాగి గమకం పలికించాలన్నది ఆయన తపన. గిటారును వీణ వైపు నడిపించిన ఆయనా, మాండలిన్‌ను గొంతు వైపు నడిపించిన శ్రీనివాస్ ‘రిమెంబర్ శక్తి’లో ఒకే వేదిక మీద కూర్చున్నారు. 1995లో శ్రీనివాస్‌తో కలిసి ‘డ్రీమ్’ ఆల్బమ్ చేసిన మైకేల్ బ్రూక్ కూడా ఎంత సేపైనా నాదం ఆరని గిటారును రూపొందించినవాడే. ఈ కలయికలను తెలుగు పత్రికలు ‘విదేశాల్లో మన ఖ్యాతి’ అనే శీర్షిక కింద సర్దేశాయి. ముగ్గురు సంగీతకారులు ఒకే సమస్యను మూడు దారుల్లో ఎదుర్కొన్నారని వినిపించుకోలేదు. ‘బాలమేధావి’ అన్న పొగడ్త కూడా ఇలాగే పనిచేసింది. వయసును చూసి ఆశ్చర్యపోయినవారు నాదం దగ్గరకు వెళ్లలేదు. 2014 సెప్టెంబరు 19న నలభై ఐదేళ్లకే ఆయన చెన్నైలో కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళులలోనూ ఎక్కువగా కనిపించింది ఆ పసివాడే.

శిష్యునికి గురువు నుంచి ఏమి సంక్రమించింది? రాగవిస్తారం కాదు. దేవిశ్రీప్రసాద్ పాటలలో గమకం తక్కువ. ఆయనకు అందినది మీటు. ఆయన పల్లవులు చాలావరకు మూడు నాలుగు స్వరాల చిన్న పలుకులతో మొదలవుతాయి. ఆ పలుకు వెంటనే తిరిగి వస్తుంది, కొద్దిగా మారి మళ్లీ వస్తుంది. గొంతుతో ఆలోచించేవాడు స్వరాన్ని సాగదీస్తాడు, తీగతో ఆలోచించేవాడు మీటి వదులుతాడు. ‘పుష్ప’లో కథానాయిక పేరును పిలిచే పాటలో ఆకర్షణ అంతా ఆ మీటి వదిలే పలుకులోనే ఉంది. ఒక్కసారి విన్నవాడు కూడా ఆ పలుకును కూనిరాగంగా తీయగలడు.

4. తెర మీద రాక్‌స్టార్:

దేవిశ్రీప్రసాద్‌కు నిజంగా రాక్ సంగీతం చేయవలసిన అవసరం సుకుమార్ దర్శకత్వంలోని ‘1: నేనొక్కడినే’ (2014) కల్పించింది. అందులో నాయకుడు గౌతమ్ రాక్ గాయకుడు. తన తల్లిదండ్రులను ఎవరో చంపారని అతని నమ్మకం, అసలు వాళ్లు ఎవరన్నదే అతనికి తెలియదు, అతని మాటను లోకం నమ్మదు. రాక్ సంగీతానికి ఇంతకంటె తగిన పాత్ర దొరకడం కష్టం. గిటారుల హోరు, డ్రమ్ముల ఉరవడి, వేలమంది జనం, అన్నీ ఉన్నాయి. ‘ఎవరు నువ్వు’ అన్న ప్రశ్నే ఆంగ్లంలో ఆ పాటకు శీర్షిక.

అయినా అది రాక్ పాట కాలేకపోయింది. కారణం వాద్యాలలో లేదు. తన జన్మ రహస్యం తెలియనివాడు ఆ ప్రశ్న తనను తాను అడుగుకోవాలి. ఇక్కడ అతడు జనాన్ని అడుగుతున్నాడు. గాయం ఒకచోట, పాట మరొకచోట మిగిలాయి. అది నాయకుని పరిచయగీతం, అంతకుమించి కాదు. పరిచయగీతమనగానే మనం రాక్ నుంచి చాలా దూరం, మన సంప్రదాయానికి చాలా దగ్గర వస్తాం.

5. దరువు:

దరువు అనే మాటకు తెలుగులో రెండర్థాలు ఉన్నాయి. డప్పు మీద పడే దెబ్బ ఒకటి. యక్షగానంలో, కూచిపూడి కలాపంలో పాత్ర పాడే గేయం మరొకటి. తెర వెనుక నుంచి జడ కనిపించగానే సత్యభామ ప్రవేశ దరువు మొదలవుతుంది. తానెవరో, తన సౌందర్యమేమిటో, తన అతిశయమేమిటో పాత్ర స్వయంగా సభకు చెప్పుకుంటుంది. తెలుగు సినిమాలో నాయకుడు మొదటిసారి కనిపించినప్పుడు వచ్చే పాటను, ప్రత్యేక నర్తకి వచ్చి తన పేరు, ఊరు, ఒయ్యారం చెప్పుకునే పాటను విమర్శకులు వ్యాపార అవసరాలుగా మాత్రమే చూశారు. నిర్మాణంలో అవి ప్రవేశ దరువులే.

దేవిశ్రీప్రసాద్ ప్రతిభ ఈ రెండర్థాలు కలిసేచోట ఉన్నదని నా అభిప్రాయం. ‘ఆర్య’లో అమలాపురం పేరుతో ఎత్తుకునే పాటను గమనించవచ్చు. కోనసీమ పట్టణం పేరు తాళానికి ఊతమై తెలుగునాట అంతటా మోగింది. ‘ఆర్య 2’ (2009)లోని ‘రింగ రింగ’ వరుస 2011లో ‘రెడీ’ అనే హిందీ చిత్రానికి వెళ్లింది. మాటలు మారాయి, దరువు మారలేదు. ఎల్ల దాటింది దరువేనన్నమాట.

ఈ ధోరణికి శిఖరం ‘రంగస్థలం’ (2018). సుకుమార్ కోనసీమలోని మట్టపర్రు వాడు, ఆయన ఊహించిన పల్లెకు చంద్రబోస్ మాటలు కూర్చారు. ‘జిగేలు రాణి’ పాటలో నర్తకి ఒక్కతే పాడుకోదు. ఊరివాళ్లు అడుగుతుంటారు, ఆమె తప్పించుకుంటూ జవాబు చెబుతుంటుంది. ఇది సంవాద దరువు. గోదావరి జిల్లాల తిరునాళ్లలో రికార్డింగు డ్యాన్సు చూసినవారికి ఆ అడగడం, ఆ తప్పించుకోవడం బాగా తెలుసు. రేలా కుమార్, గంటా వెంకటలక్ష్మి గొంతులను ఎంచుకోవడంలో సంగీత దర్శకుని విజ్ఞత ఉంది. నునుపు చేయని ఆ గొంతులలో ఆరుబయట పాడే అలవాటు వినిపిస్తుంది. గరగల జాతరలో డోలు మోగేటప్పుడు పక్కవాడికి వినపడాలంటే గొంతు ఎంత ఎత్తాలో ఆ పాటకు తెలుసు. దీనిని రాక్ అని పిలిస్తే పాటకు గౌరవం పెరగదు. దాని పుట్టుక మాత్రం కనిపించకుండా పోతుంది.

6. ఉప్పాడ సముద్రం ఏ భాషలో పాడింది:

‘ఉప్పెన’ 2021 ఫిబ్రవరి 12న విడుదలైంది. దర్శకుడు సానా బుచ్చిబాబు సుకుమార్ శిష్యుడు. మత్స్యకార యువకుడు ఆశీర్వాదం, పెద్దింటి అమ్మాయి బేబమ్మ, కులం పేరిట జరిగే ఘాతుకం దీని కథ. కోతకు గురవుతూ ఏటేటా ఇళ్లను, రోడ్డును సముద్రానికి ఇచ్చుకుంటున్న ఉప్పాడ తీరం తెర మీద బాగా పట్టుబడింది. చెవికి ఏం పట్టుబడింది?

నాయిక కంటిని నీలి సముద్రంతో పోల్చే పాట చిత్రం కంటె ఏడాది ముందే ఊరూరా వినబడింది. అది ఉర్దూ మాటలతో, సూఫీ గాన సరళిలో ఎత్తుకుంటుంది. జావెద్ అలీ గొంతు ఆ సరళికి పెట్టింది పేరు. శ్రీమణి తెలుగు చరణాలు దాని మీద తేలుతూ వస్తాయి. పాట మనోహరంగా ఉంది. నా ఆక్షేపణ మాధుర్యం మీద కాదు. ఉప్పాడ కుర్రవాడు తన ప్రేమను ఖవాలీ వరుసలో ఎందుకు తలచుకుంటున్నాడన్నది ప్రశ్న. ఉప్పాడకు తనదైన ధ్వని లేకపోలేదు. ఒకవైపు జాందానీ మగ్గం మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు నేతగాళ్ల లయ, మరొకవైపు ఒడ్డు నుంచి తాళ్లతో పెద్ద వల లాగేవారి హైలెస్సా. పడవలకు ఇంజన్లు వచ్చాక తెడ్డు పాట తగ్గిన మాట నిజమే. వల లాగేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పద్ధతి మాత్రం తీరానికి కొత్త కాదు. ‘రంగస్థలం’లో తిరునాళ్లను అంత దగ్గరగా విన్న చెవి ఇక్కడ ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయింది.

దీనికి ఒక సమాధానం ఉంది, అది తీసిపారేయదగినది కాదు. ఉప్పాడకు పొరుగు పట్టణమైన పిఠాపురంలో సూఫీ సంప్రదాయం పరాయిది కాదు. అక్కడి పీఠానికి గురువైన ఉమర్ అలీషా (1885–1945) తెలుగు కవి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసినవాడు. కులమత భేదాలకు అతీతంగా ఆ పీఠానికి శిష్యులున్నారు. కులం చంపిన ప్రేమకథకు సూఫీ స్వరం ఆ గడ్డ మీద సహజంగానే పొసగుతుంది. కాని అలీషా సూఫీతత్త్వం మాట్లాడింది తెలుగు పద్యంలో, ఛందస్సుతో. సినిమాలోని సూఫీతత్త్వం ముంబయి పాటల దారి పట్టి వచ్చింది. పది మైళ్లలోపు ఉన్నదాన్ని వదిలి వెయ్యి మైళ్ల అవతల నుంచి తెచ్చుకున్నట్లయింది.

ఖవాలీలోనూ ఒక గొంతు ఎత్తుకుంటుంది, వెనుక బృందం అందుకుంటుంది, చప్పట్లు తాళమవుతాయి. హైలెస్సాకు ఉన్న ఆకృతి కూడా అదే. సంగీత దర్శకునికి ఉప్పాడ ఒడ్డున ఒక బృందగానం ఉండాలన్న సంగతి తోచిందనే అనుకుంటున్నాను. తాడు పట్టుకున్న చేతుల బదులు చప్పట్లు కొట్టే చేతులు వచ్చాయి. ఇదే చిత్రంలో సంద్రంలోని నీటిని కన్నీటితో కలిపే విషాదగీతంలో వాద్యాల సందడి తగ్గుతుంది, చిన్న చిన్న పలుకులుగా విరగకుండా వరుస సాగుతుంది. మీటి వదలడం అలవాటైన సంగీతకారుడు స్వరాన్ని నిలబెట్టిన కొద్ది పాటలలో అది ఒకటి. గురువు మాండలిన్‌లో ఐదు తీగలు బిగించి వెతికినది ఆ నిలకడనే. ‘ఉప్పెన’ పాటలలో జనం ముందుగా ఎత్తుకున్నది నీలి సముద్రం పాటనే. ఉప్పాడకు దగ్గరగా వచ్చినది మాత్రం ఈ విషాదగీతం.